కాకినాడ–నరసాపురం సైకిల్ మీద: ఎదురుగాలి రోజును ఎలా లాక్కురావాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏప్రిల్ మొదటి వారంలో కాకినాడ నుంచి 216 జాతీయ రహదారి మీదుగా నరసాపురానికి ఒక్క రోజులో వెళ్లాలని ఉదయం ఏడింటికి బయల్దేరారు. దూరం దాదాపు 120 కి.మీ. గేర్ల హైబ్రిడ్ సైకిలు, వెనక క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు, సామాను 12 కిలోలు. యానాం దాటాక గంటకు 10 కి.మీ. మించి రాలేదు. ముమ్మిడివరం దగ్గర మోకాళ్లు పట్టేసి ఆగిపోవాల్సి వచ్చింది. ఎక్కడా ఎక్కుడు లేదు, రోడ్డు బల్లపరుపు. లోపం మనిషిలోనా, సైకిల్లోనా?

రెండింట్లోనూ చెప్పుకోదగ్గ లోపం లేదండీ. బయల్దేరిన వేళ, పట్టిన దిక్కు, తొక్కిన గేరు, ఈ మూడూ కలిసి మిమ్మల్ని ముమ్మిడివరంలో దించేశాయి. మొదటి రెండూ ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగినవే.

ముందు ఆ పది కిలోమీటర్ల సంగతి చూద్దాం. ఆ అంకె చూసే చాలామంది బెంబేలెత్తి, ఇంకా గట్టిగా తొక్కి మోకాళ్లు పాడుచేసుకుంటారు. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. గాలి లేనప్పుడు చదును రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగానికి కాళ్లు పెట్టాల్సిన శక్తి సుమారు 90 వాట్లు. ఒంట్లో ఆరోగ్యం, కాస్త అలవాటూ ఉన్నవాళ్లు గంటల తరబడి ఇవ్వగలిగిన శక్తి అది. ఇప్పుడు ఎదురుగా గంటకు 20 కి.మీ. గాలి పెట్టండి. అదే వేగం నిలబెట్టాలంటే 250 వాట్లు దాటిపోతుంది. అంత శక్తి గంటసేపు ఇవ్వడం కూడా బాగా అలవాటున్న వాళ్లకే సాధ్యం. అదే 90 వాట్లతో తొక్కుతూ పోతే వచ్చే వేగం 11 కి.మీ. కాబట్టి మీ పది కిలోమీటర్లు ఆ గాలికి రావాల్సిన వేగమే. పట్టుదలకొద్దీ 15కి లాగాలంటే 150 వాట్లు పైన కావాలి. అంటే నాలుగు కిలోమీటర్ల వేగం కోసం కాళ్ల మీద మూడింట రెండొంతుల బరువు అదనంగా వేసుకున్నట్టు. ముందున్న గాలిని తోసుకుపోయే బలం వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. మన వేగమూ గాలి వేగమూ అందులో కలిసిపోతాయి. అందుకే ఎదురుగాలిలో మొండితనం అంత ఖరీదైన వ్యవహారం.

దీన్నిబట్టి ఒకటే పద్ధతి: గాలి లేని రోజు ఎంత శ్రమతో తొక్కుతారో అంతే శ్రమతో తొక్కండి, వేగం ఎంత వస్తే అంత రానివ్వండి. గుండె కొట్టుకునే రేటు చూపే వాచీ ఉంటే సరే, లేకపోతే నోరే కొలత. ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతోందంటే గేరు దించండి. హ్యాండిల్ మీది మీటరులో వేగం కనబడకుండా గడియారం మాత్రం పెట్టుకోండి. ఆ అంకెతో మీకు పనేమీ లేదు.

గాలి ఏ నెలలో ఎటు

కాకినాడ నుంచి యానాం రోడ్డు దాదాపు నేరుగా దక్షిణానికి దిగుతుంది. యానాం నుంచి అమలాపురం, రాజోలు వైపు నైరుతికి తిరుగుతుంది. మార్చి నుంచి మే దాకా ఈ తీరంలో పగటి గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి దిక్కుల నుంచే వస్తుంది. అంటే తాళ్లరేవు, కోరంగి, యానాం, ముమ్మిడివరం మీదుగా మీరు గాలి నోట్లోకే వెళ్లారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి, నైరుతి గాలులు కాబట్టి తూర్పు నుంచి పడమరకు వెళ్లేవాళ్లకు, అంటే కాకినాడ నుంచి భీమవరం వైపు వెళ్లేవాళ్లకు కష్టం. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యం గాలి. అప్పుడు ఇదే రోడ్డు మీద కాకినాడ నుంచి నరసాపురం వెళ్తే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది, తిరిగి రావడమే గండం.

ఏప్రిల్లోనే వెళ్లాలంటే తేలికైన దారి ఒకటుంది. కాకినాడలోనూ నరసాపురంలోనూ రైల్వే స్టేషన్లున్నాయి. సైకిల్‌ని పార్సిల్‌గా బుక్ చేసి రైల్లో నరసాపురం చేరి, అక్కడినుంచి కాకినాడకు తొక్కుకుంటూ రండి. రోడ్డు అదే, గాలి మాత్రం మీ పక్షాన ఉంటుంది. ఇది మోసం అనుకునే సైకిలిస్టులున్నారు. వాళ్ల మోకాళ్లు వాళ్లిష్టం.

అటునుంచే వెళ్లాలి అనుకుంటే వేళ మార్చాలి. రాత్రి నేల చల్లబడ్డాక నేలకు దగ్గరగా ఉన్న గాలి పొర కదలకుండా నిలబడిపోతుంది, పైన వీచే గాలి కిందికి దిగదు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక ఆ పొర చెదిరి పైగాలి కిందికి వస్తుంది. దానికి తోడు పదీ పదకొండు మధ్య సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నం మూడు దాకా పెరుగుతూనే ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ఉదయం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఉన్న సమయమే అసలు సరుకు. ఏడింటికి బయల్దేరడం అంటే అందులో దాదాపు సగం పరుపు మీద పారేసుకున్నట్టే.

ఫోన్లో గాలి వేగం చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వాతావరణ సూచనలు ఇచ్చే అంకె నేలకు 10 మీటర్ల ఎత్తున వీచే గాలిది. మన ఛాతీ ఉండేది మీటరు పైచిలుకు ఎత్తులో. చదును చేల మీద ఆ ఎత్తులో గాలి సుమారు మూడింట రెండొంతులే ఉంటుంది. సూచనలో 30 అని ఉంటే మీ ముఖానికి తగిలేది 20 అనుకోవచ్చు. ఈ లెక్క చెరువుల మధ్య గట్టు రోడ్డు మీదా వంతెన మీదా పనికిరాదు, అక్కడ దాదాపు పూర్తి గాలి తగులుతుంది.

దారిలో గాలిని కళ్లతో కొలవడం నేర్చుకోవాలి. దుమ్మూ కాగితమ్ముక్కలూ లేచి చిన్న కొమ్మలు కదులుతుంటే 20 నుంచి 28 కి.మీ. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతూ, చెరువు నీళ్ల మీద చిన్న అలలు లేస్తుంటే 29 నుంచి 38. పెద్ద కొమ్మలు ఊగి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 పైన. రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు ఎప్పుడూ నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి, ఆ అలల్ని చూసి మోసపోకండి. ఏరేటరు లేని చెరువునో పంటకాలవనో చూడండి.

రోడ్డు ఎంపిక

డెల్టాలో రోడ్డు ఎంచుకోవడమంటే దూరం ఎంచుకోవడం మాత్రమే కాదు, నీడా చాటూ ఎంచుకోవడం. చేపలూ రొయ్యల చెరువులున్న చోట, ముఖ్యంగా కాళ్ల, ఉండి, మొగల్తూరు వైపు, గాలికి అడ్డం పడేది ఏదీ ఉండదు. కోనసీమ లోపలి తోటలు వేరు. అయితే కొబ్బరి తోట కనబడగానే సంబరపడిపోకండి. బాగా ఎదిగిన కొబ్బరి చెట్టుకు మట్టలన్నీ పైనే ఉంటాయి, కింద బోదెల మధ్య నుంచి గాలి దూసుకొస్తుంది. కొబ్బరి కింద అరటి, కోకో వేసిన తోటలే సైకిల్ ఎత్తులో గాలిని ఆపుతాయి. తీరానికి దగ్గరగా సరుగుడు తోటలు ఇంకా నయం. దట్టమైన తోట గాలి వచ్చే వైపున ఉంటే, చెట్ల ఎత్తుకు పది రెట్ల దూరం దాకా అంతో ఇంతో చాటు దొరుకుతుంది. కాబట్టి దక్షిణపు గాలి రోజున రోడ్డుకు దక్షిణాన తోట, ఉత్తరాన కాలవ ఉన్న దారి పట్టండి. అటుదిటైతే తోట పక్కనే పోతున్నా లాభం ఉండదు.

మీ దారికి రెండు మార్పులు చెప్పవచ్చు. మొదటిది, కాకినాడ నుంచి యానాం రోడ్డు పట్టకుండా రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, అక్కడ పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ) మీద గోదారి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగి అమలాపురం వెళ్లడం. కాకినాడ నుంచి రామచంద్రపురం దాకా దారి పడమరగా పోతుంది కనుక దక్షిణపు గాలి పక్కనుంచి తగులుతుంది. సూటిగా ఎదురుగాలి తగిలేది ద్రాక్షారామం నుంచి కోటిపల్లి దాకా, ఆ ముక్క చిన్నదే. పైగా పంటు కోసం ఆగే సమయం విశ్రాంతి కింద జమ. గోదారికి వరద వచ్చినా గాలి మరీ ఎక్కువైనా పంటు ఆపేస్తారు కాబట్టి ముందే వాకబు చేసుకోండి. రెండోది, అమలాపురం నుంచి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీదుగా కాకుండా అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా వెళ్లి అక్విడక్టు (కాలవను నది మీదుగా దాటించే కట్టడం) దగ్గర గోదారి ఇంకో పాయ వైనతేయ దాటి తాటిపాక, రాజోలు చేరడం. దూరం కొంత పెరుగుతుంది. కానీ మొదటి సగం గాలికి అడ్డంగా, తోటల మధ్య నడుస్తుంది.

పక్కగాలి ఎదురుగాలి కాదు కదా, తేలికే అనుకుంటారు. అదీ వేగాన్ని తింటుంది. గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తుంటే సరిగ్గా పక్కనుంచి 20 కి.మీ. గాలి తగిలినా ముందుకు వెళ్లడానికి అడ్డుపడే గాలి బలం 40 శాతం పెరుగుతుంది. ఏటవాలుగా, అంటే ముందూ పక్కా కలిసి వచ్చే గాలి, సూటి ఎదురుగాలి బలంలో మూడొంతుల పైనే ఉంటుంది. కాస్త మలుపు తిరిగినా ఏమీ తేడా రాలేదే అనిపించేది అందుకే.

గేరు దగ్గరే మోకాళ్లు పోయాయి

మీ సైకిల్‌కి ముందు మూడు పళ్లచక్రాలుంటాయి. చాలా హైబ్రిడ్లలో అవి 48, 38, 28 పళ్లవి. డెల్టా చదునే కదా అని మధ్య చక్రం మీదే ఉండిపోవడం అందరూ చేసే తప్పు. ముందు 38, వెనక 24 పళ్ల మీద గంటకు 11 కి.మీ. వేగంతో వెళ్తుంటే పెడల్ నిమిషానికి 53 సార్లే తిరుగుతుంది. అదే ముందు 28, వెనక 28 మీద ఉంటే 80 దాటుతుంది. శక్తి రెండింటికీ ఒకటే. మొదటి దాంట్లో మాత్రం పెడల్ మీద ప్రతి తొక్కుకూ సగానికి సగం ఎక్కువ బలం పడుతుంది. దాన్ని భరించేది మోకాలి చిప్ప. ఆ లెక్కన గంటకు ఒక్కో కాలు మూడు వేల పైచిలుకు తొక్కులు వేస్తుందని గుర్తుపెట్టుకుంటే, మూడు గంటల్లో అది ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. నొప్పి మోకాలి ముందువైపు వచ్చిందంటే కారణం దాదాపుగా ఇదే, లేకపోతే సీటు పల్లంగా ఉండటం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనించి చూడండి, కాలు నిటారుగా చాపుకోవాలి. మునివేళ్ల వెనక భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అది సరైన ఎత్తు.

నిమిషానికి 75 నుంచి 85 తిరుగుళ్లు నిలిచే గేరు పట్టండి. చిన్న చక్రం కొండలకే అని ఎక్కడా రాసిలేదు. గాలి విసురు తగిలినప్పుడు కాలు బిగించకుండా ఒక గేరు దించాలి, విసురు తగ్గగానే మళ్లీ ఎక్కించాలి. గేరు లేని మామూలు సైకిల్‌తో ఇదే ప్రయాణం చెయ్యాలనుకునేవాళ్లు 44 పళ్ల చక్రానికి వెనక 18 పళ్ల ఫ్రీవీల్ ఉంటే దాన్ని 20 లేదా 22 పళ్ల దానికి మార్చుకోండి. లేదంటే 11 కి.మీ. వేగంలో నిమిషానికి 35 లోపే తిరుగుతుంది, అది తొక్కడం కాదు, మెట్లెక్కడం.

ఇంకో సంగతి. ఎదురుగాలిలో పెడల్ ఆపి దొర్లే సందర్భమే రాదు. కొండ దారిలో దిగుడు ఉన్నప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది, రక్తం ఆడుతుంది. ఇక్కడ ఆ అవకాశం మనమే కల్పించుకోవాలి. పది నిమిషాలకోసారి రెండు గేర్లు పెంచి, నిలబడి ఇరవై తొక్కులు తొక్కి కూర్చోండి. ఆ కాసేపు గాలి ఎక్కువ తగిలినా ఫరవాలేదు. చేతుల విషయమూ అంతే. హ్యాండిల్ మీద ఒకే చోట అరచెయ్యి ఆనించి గంటలు గడిపితే చిటికెన వేలూ దాని పక్క వేలూ తిమ్మిరెక్కుతాయి.

వంగడం, సంచులు, బట్టలు

నిటారుగా కూర్చున్న మనిషి మోచేతులు వంచి ఛాతీ కొంచెం దించితే, పైన చెప్పిన అదే గాలిలో, అదే 90 వాట్లకు 11 కి.మీ. కాస్తా 12 అవుతుంది. ఒక్క కిలోమీటరే అనిపిస్తుంది, కానీ ఐదు గంటల్లో అది ఐదు కిలోమీటర్లు, డబ్బు ఖర్చు లేదు. హ్యాండిల్ కింద ఉండే రింగులు పైకి మార్చి హ్యాండిల్‌ని రెండు సెంటీమీటర్లు దించవచ్చు. అంతకు మించి ఒకేసారి దించితే మెడ పట్టేస్తుంది. మోచేతులు ఆనించుకునే పొడవాటి కొమ్ములు బిగించుకునే వాళ్లున్నారు. ఖాళీ రోడ్డు మీద అవి బాగా పనిచేస్తాయి. బ్రేకు మీద చెయ్యి ఉండదు కనుక 216 రహదారి మీద, ఊళ్ల మధ్య, వంతెనల మీద వాటి జోలికి పోవద్దు.

సామాను 12 కిలోలు ఎక్కువైందా అని అనుమానం రావొచ్చు. చదును రోడ్డు మీద ఎదురుగాలిలో బరువు పెద్ద లెక్క కాదు. ఐదు కిలోలు తగ్గిస్తే అడ్డుపడే మొత్తం బలంలో తగ్గేది సుమారు ఒక్క శాతం. లెక్కలోకి వచ్చేది వెడల్పు. వెనక క్యారియర్‌కి పల్లంగా, కాళ్ల వెనక దాగేలా కట్టిన సంచులు పెద్దగా గాలి పట్టవు. వాటిమీద అడ్డంగా కట్టిన చాప, హ్యాండిల్‌కి వేలాడే చేతిసంచి, వీపు మీది బ్యాగు పడతాయి. వీపు బ్యాగు వల్ల చెమట కూడా ఆరదు. చొక్కా ఒంటికి అంటుకుని ఉండాలి, ముందు జిప్పు మెడదాకా వేసి ఉండాలి. హెల్మెట్ కింద తడి తువ్వాలు వేసుకోవడం మంచిదే గాని దాని కొంగులు లోపలికి దోపండి. వాన కోటు అవసరం పడితే తప్ప తొడగొద్దు, ఎదురుగాలిలో అది పడవ తెరచాప.

సైకిల్ వల్ల పోయే బలం కూడా ఓసారి చూసుకోండి. చక్రం ఎత్తి తిప్పితే బ్రేకు రబ్బరు రాసుకోకుండా తిరిగి తిరిగి ఆగాలి. 35 మిల్లీమీటర్ల టైరుకి ఈ బరువుతో గాలి ఒత్తిడి వెనక 60 పీఎస్ఐ, ముందు 50 చాలు. 35 పీఎస్ఐకి పడిపోయిన టైరు భారం పెంచుతుంది. దీన్ని గాలి మీదికి తోసేసి ఊరుకునేవాళ్లు ఎక్కువ. తీరం దగ్గర ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. రాత్రి బసలో పొడిగుడ్డతో తుడిచి లింకుకో చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచెయ్యండి. పల్లెల్లో సైకిల్ షాపుల్లో దొరికేవి ఎక్కువగా 28 అంగుళాల మామూలు సైకిల్ ట్యూబులు. మీ సన్నటి టైరుకి సరిపోయే ట్యూబులు రెండు, పంపు, పంక్చరు సామాను, 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు మీ దగ్గరే ఉండాలి.

తిండి, నీళ్లు

కిలోమీటర్ల లెక్కన తిండి కట్టుకున్నవాళ్లు ఎదురుగాలి రోజున పస్తుంటారు. 60 కిలోమీటర్లు మూడు గంటల్లో అనుకున్నది ఐదున్నర గంటలైతే, కావాల్సిన తిండి దాదాపు రెండింతలు. గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పడాలి. ఒక మోస్తరు అరటిపండులో 20 నుంచి 25 గ్రాములుంటుంది. ఐదింటికి బయల్దేరితే హోటళ్లు తెరిచి ఉండవు, నాలుగు చక్కెరకేళీలూ రెండు పల్లీ చిక్కీలూ ముందురోజే సంచిలో వేసుకోండి. ఏడింటికి నాలుగైదు ఇడ్లీలు. పూరీ, బజ్జీ జోలికి పోవద్దు, వంగి తొక్కేటప్పుడు నూనె గొంతులోకి వస్తుంది. ఎవరైనా మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఆ రోజుకి తొక్కడం అయిపోయిందని నిర్ణయించుకున్నాకే కూర్చోండి. గోదారి జిల్లాల మర్యాద కూడా ఒకరకం ఎదురుగాలే. కొసరి కొసరి వడ్డించాక లేచి తొక్కినవాళ్లు లేరు.

గాలి ముఖాన కొడుతుంటే చెమట పట్టినట్టు తెలియదు, పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. దాహం వేయలేదని ఊరుకుంటే పదింటికల్లా తల పట్టేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా, పావుగంటకోసారి నాలుగు గుక్కల చొప్పున తాగండి. ఒక సీసాలో మామూలు నీళ్లు, ఒక సీసాలో ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే కడుపు ఉబ్బుతుంది. రంగురంగుల డబ్బాల్లో పళ్లరుచితో అమ్మే పానీయాలు అసలు ఓఆర్ఎస్‌తో సమానం కావు, ప్యాకెట్టు మీద చదివి కొనండి. కొబ్బరి బొండాం ఈ దారంతా దొరుకుతుంది, చాలా మంచిది. అందులో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ. కాబట్టి బొండాంతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో, ఇడ్లీలో కాస్త ఎక్కువ పచ్చడో పడాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే వెనకబడ్డట్టే. ఎండలో చెమట ఆగిపోయి, మాట తడబడి, ఏం చేస్తున్నారో తెలియనట్టు ఉంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి 108కి ఫోన్ చెయ్యాలి, మిగతావన్నీ తర్వాత.

వంతెనలు

యానాం–ఎదుర్లంక, పాశర్లపూడి, చించినాడ, ఈ మూడు వంతెనల మీద మీకు సముద్రం ఎడమ పక్కన ఉంటుంది, గాలీ అటే. మనం తొక్కేది రోడ్డుకి ఎడమ అంచున. కనుక గాలి మిమ్మల్ని కుడికి, వాహనాల దారిలోకి తోస్తుంది. దానికి తట్టుకోవడానికి తెలియకుండానే ఎడమకు ఒరుగుతారు. సరిగ్గా అప్పుడు లారీ దాటుతుంది. లారీ ముందు తోసే గాలి ఒకటి కొడుతుంది, ఆ వెంటనే దాని వెనక సుడి లోపలికి లాగుతుంది. లారీ దాటాక పక్కగాలి మళ్లీ ఒక్కసారిగా మీద పడుతుంది. మూడు సెకన్లలో మూడు తోపులు. పిట్టగోడకి మరీ దగ్గరగా పోతే ఒరిగినప్పుడు హ్యాండిల్ తగులుతుంది. మీటరు దూరం పెట్టుకోండి. చేతులు హ్యాండిల్ చివర్ల దగ్గర, మోచేతులు వదులుగా, గేరు తేలికగా ఉండాలి. చేతులు బిగిస్తే ఒంటికి తగిలిన తోపు నేరుగా హ్యాండిల్‌ని తిప్పేస్తుంది. గాలి రొదలో వెనక హారన్ వినపడదు కనుక కుడివైపు అద్దం తప్పనిసరి. రెండుసార్లు గీత దాటి లోపలికి వెళ్లిపోయారంటే దిగి నడవండి, కిలోమీటరు నడిచినా పావుగంటే. చేపల వ్యాన్ల నుంచి కారిన నీళ్లు వంతెన మీద జారుడుగా ఉంటాయి, అతుకుల ఇనుప పట్టీల్ని చక్రం నిటారుగా ఉంచి దాటండి.

ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి వెనక ఒకరు అర మీటరు నుంచి మీటరు దూరంలో తొక్కి, ఐదు నిమిషాలకోసారి ముందువాళ్లు మారండి. వెనకున్న మనిషికి శ్రమ బాగా తగ్గుతుంది. ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం పోనివ్వొద్దు, అతను కాస్త పక్కకి జరిగితే పడేది మీరే. గుంత, ధాన్యం ఆరబోసిన రోడ్డు, గేదె వస్తే ముందువాడు నోటితో చెప్పాలి. గడ్డి లోడుతో పోతున్న ట్రాక్టరు వెనక చాటుగా పోదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. గడ్డీ ధూళీ కళ్లలో పడతాయి, ముందు ఏముందో కనబడదు, వద్దు.

ఎప్పుడు ఆపెయ్యాలి

మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఉన్నా, కాకినాడ రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసినా సైకిల్ బయటికి తియ్యొద్దు. గంటకు 45–55 కి.మీ. ఈదురుగాలులు అని రాస్తే అది తొక్కే గాలి కాదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరి తోటలు ఏమయ్యాయో ఇక్కడ పెద్దవాళ్లందరికీ గుర్తే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వాయవ్యంలో నల్లటి మబ్బు లేచి, అప్పటిదాకా వీస్తున్న గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే పదీ పదిహేను నిమిషాల్లో అటునుంచి పెద్ద విసురు రావొచ్చు. అప్పుడు కొబ్బరి తోటలోకి దూరకండి. మట్టలు, కాయలు, కరెంటు తీగలు మీద పడతాయి. పక్కా ఇంటి అరుగు, బస్ షెల్టర్, ఏదైనా గోడ చాటు చూసుకోండి.

ఇప్పుడు మీ ప్రయాణం మళ్లీ పెడదాం. గాలిలో 11 కి.మీ. వేగం, గంటలో 50 నిమిషాలు తొక్కి 10 నిమిషాలు చాటున కూర్చుంటే గంటకు 9 కి.మీ. అంటే 120 కి.మీ. 13 గంటలు, ఒక్క రోజులో కుదరదు. రెండు రోజులు చెయ్యండి, రాత్రికి అమలాపురంలో లాడ్జి. రెండు పూటలూ ఐదింటికి, ముందూ వెనకా లైట్లతో బయల్దేరండి. గాలి పుంజుకునే లోపు, తొమ్మిదిన్నర దాకా, ఆగడాలతో సహా సగటున 12 వచ్చినా 54 కి.మీ. గట్టెక్కుతాయి. మొదటి రోజు ఆ వేళకి మీరు ముమ్మిడివరం దాటి ఉంటారు, అమలాపురానికి మిగిలేది గంటా గంటన్నర. రెండో రోజు గాలి లేవకముందే బోడసకుర్రు–పాశర్లపూడి వంతెనా చించినాడ వంతెనా దాటెయ్యాలి. చించినాడ దాటాక దిగమర్రు దగ్గర ఎడమకు తిరిగితే నరసాపురం దాకా మళ్లీ దక్షిణమే, కొంచెం ఓపిక మిగుల్చుకోండి. రాజోలు నుంచి మలికిపురం, సఖినేటిపల్లి వెళ్లి పంటు ఎక్కి నరసాపురం రేవులో దిగడం ఇంకో దారి, అక్కడ చించినాడ వంతెన బెడద లేదు.

తిరుగు ప్రయాణం కూడా సైకిల్ మీదే అయితే వాలుగాలి అని ఆలస్యంగా బయల్దేరకండి. వెనకనుంచి వచ్చే గాలి, మీ వేగం ఒకటైనప్పుడు ఒంటికి గాలే తగలదు, చెమట ఆరదు, ఏప్రిల్ ఎండ నేరుగా మాడుస్తుంది. వెళ్లేటప్పటి కన్నా నీళ్లు ఎక్కువ తాగాల్సి వచ్చేది అప్పుడే. బ్రేకు కూడా రోజూ పట్టే చోటికన్నా నాలుగు బారల ముందే పట్టాలి.